పిచిక పుస్తకంలో మిగిలిన కాగితాలు

1926 ఆగస్టు 29, ఆదివారం

ఓ పిచికా,

నీ పాటల పుస్తకంలో నువ్వు పదకొండు కాగితాలు రాశావు. పన్నెండో కాగితం నుంచి నేను రాస్తున్నాను. కోప్పడకు. పెన్సిలు కూడా నీదే. దాని చివర నువ్వు నమిలిన పళ్ల గుర్తులున్నాయి. వేళ్లు అక్కడే పెట్టి పట్టుకుంటున్నాను.

నాకు రాయడం ఎంత వచ్చో నీకు తెలుసు. దేవమణమ్మ గారు ఆడవాళ్లకి బైబిలు చదవడం నేర్పిన రెండు వానాకాలాల చదువే నాది. ఒత్తులు తప్పు రాస్తే నువ్వు నవ్వేదానివి. ఇప్పుడు నవ్వేవాళ్లు లేరు, అందుకని రాస్తున్నాను.

నువ్వు పోయి ఈ రోజుకి పన్నెండు రోజులు. పద్నాలుగో తారీకు శనివారం డుంబ్రిగుడ పాటల బడికి వెళ్లావు. ఆదివారం ప్రార్థనలో పాడి, వానలో తడిసి, మూడు కోసులు నడిచి వచ్చావు. వచ్చేసరికే ఒళ్లు కాలిపోతోంది. మంగళవారం పొద్దెక్కకముందే అయిపోయింది.

శనివారం పొద్దునే నీకు తలనొప్పిగా ఉంది. అయినా నువ్వే వెళ్తానన్నావు. వరుసగా రెండు శనివారాలు రాకపోతే యేసుపాదం మేస్టరు పేరు కొట్టేస్తారని నీకు భయం. ముందు శనివారం గెడ్డ పొంగి నువ్వు వెళ్లలేదు కదా. అందుకని నువ్వే వెళ్తానన్నావు.

నువ్వే వెళ్తానన్నావు.

ఆగస్టు 31, మంగళవారం

మీ అత్త దేముడమ్మ వచ్చింది. మీ నాన్న, నేను బాప్తిస్మం తీసుకున్నప్పుడు మూడు నెలలు మనింటి గుమ్మం తొక్కని మనిషి. వచ్చి కూర్చుని చుట్ట వెలిగించుకుంది.

"ఒలే సోములూ, పిల్లగుంటని మట్టిలో పెట్టీసినారు, పాట పాడీసినారు, వొచ్చీసినారు. మరి ఇంటికి పిలిసినారా?"

"ప్రభువు దగ్గరికి ఎల్లింది వొదినా."

"ఆ ప్రభువు కొండ ఎక్కినాడేటి ఎప్పుడైనా? గుంటకి దారెవుడు సూపిత్తాడు? ఆ గెడ్డ ఒడ్డునే తిరుగుతాది, సలిలో."

తరువాత మన వాళ్ల పద్ధతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది, నాకు తెలియనట్టు. మనిషి పోతే గుమ్మానికి అడ్డంగా జల్లించిన బూడిద పరుస్తారు. తెల్లవారి ఇంటి పెద్ద చూసేదాకా ఎవరూ గడప దాటకూడదు. బూడిదలో అడుగు పడితే, పోయినవాళ్లు ఇంటికి తిరిగి వచ్చినట్టు.

పాదిరి గారికి తెలిస్తే మమ్మల్ని ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు.

సెప్టెంబరు 1

వద్దని చెప్పి పంపేశాను. అది మనం వదిలేసిన పద్ధతి.

సెప్టెంబరు 4, శనివారం

ఈ రోజు శనివారం అని నాకు తెలియకుండా ఉండాలనుకున్నాను. పైగూడెం పిల్లలు నలుగురు సద్ది మూటలు పట్టుకుని మన ఇంటి ముందు నుంచే వెళ్లారు. పెద్దవాళ్లు ముగ్గురూ తలలు వంచుకుని చప్పుడు చేయకుండా దాటుతున్నారు. అందరికంటే చిన్నది మరిచిపోయింది.

"రాహేలూ! బేగి రాయే!" అని నిన్ను అరిచి పిలిచింది, ఎప్పటిలాగే.

పెద్దపిల్ల దాని నోరు మూసింది. నలుగురూ పరుగెత్తారు.

నేను చేట కింద పెట్టలేదు. సామలు చెరుగుతూనే ఉన్నాను. ఎంతసేపు చెరిగానో తెలియదు. పొట్టు ఎప్పుడో పోయింది, గింజలు కూడా కింద పడుతున్నాయి.

వారంలో ఐదు రోజులు అప్పలస్వామి పంతులు గారి అరుగు బడి, శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం ప్రార్థన దాకా మిషను బంగళాలో పాటల బడి. పంతులు గారు నిన్ను ఎంత ఏడిపించేవారు! "నా బడిలో ఐదు రోజులు ఎక్కం అడిగితే నోరిప్పదు. సనివారం అక్కడికెల్లి ఆరున్నొక్క రాగం తీత్తాది" అనేవారు. నువ్వు ఆయన ముందు నవ్వు ఆపుకుని, ఇంటికి వచ్చి ఆయనలాగే చేసి చూపించేదానివి.

మన చిన్నది, నీ చెల్లి, గుమ్మంలో నిలబడి ఆ పిల్లలు కనిపించినంత దూరం చూసింది. దానికి ఎనిమిదేళ్లు. దాన్ని పంపను. ఎక్కడికీ పంపను.

సెప్టెంబరు 5

బూడిద జల్లించాను. ఆదివారం నాడే.

సెప్టెంబరు 6, సోమవారం

అడుగు ఉంది.

చిన్న అడుగు, ఐదు వేళ్లూ పడ్డాయి. మీ నాన్న ఇంకా లేవలేదు. నేను పరుగున వెళ్లి వదినని తెచ్చాను. వంగి చూసింది.

"వొచ్చింది. సెప్పినానా?"

"వొదినా, ఇది లోపలికి కాదు. బయటికి సూత్తంది."

"సచ్చినోల్లు ఎనక్కి నడిసొత్తారు. నీకు తెల్దేటి?"

నాకు తెలియదు. కానీ అయ్యే ఉంటుంది. నీ కాలు దీని కంటే కొంచెం పెద్దదేమో అనిపించింది. బూడిద సర్దుకుంటుంది కదా, అడుగు చిన్నదవుతుంది. నువ్వు వచ్చావు. ఇంట్లోనే ఉన్నావు. మరి ఎక్కడున్నావు? మూలలన్నీ చూశాను. అటక మీద కూడా.

సెప్టెంబరు 9, గురువారం

తెలిసింది.

పెరట్లో చిన్నది కోళ్ల ముందు నిలబడింది. కుడిచెయ్యి పిడికిలి బిగించి నడుము దగ్గర పెట్టింది. తరువాత అరచెయ్యి బోర్లా చాపింది. తరువాత అరచెయ్యి తన వైపు తిప్పుకుని గుండె ముందు నిలబెట్టింది. డో, మీ, సో. ఆ చేతి గుర్తులు పాటల బడిలో తప్ప ఇంకెక్కడా నేర్పరు. మేస్టరు నోరు తెరవకుండా చెయ్యి చూపిస్తారు, పిల్లలు ఆ గొంతు పట్టుకోవాలి. నువ్వే నాకు చెప్పావు.

అప్పుడు పాడింది. నువ్వు ఆఖరి శనివారం నేర్చుకుని పదకొండో కాగితం మీద రాసుకున్న కొత్త పాట. దాన్ని ఈ ఇంట్లో నువ్వు ఒక్కసారైనా నిలబడి పాడలేదు, పడుకునే ఉన్నావు. చిన్నది ఏనాడూ ఆ బడి మెట్టు ఎక్కలేదు. మరి దానికి ఎలా వచ్చింది?

"పిచికా" అన్నాను. మెల్లగా అన్నాను, కోళ్లకి కూడా వినపడకుండా.

తిరిగి చూసింది.

సెప్టెంబరు 12, ఆదివారం

నీ నీలం పావడా చిన్నదానికి కట్టాను. నడుం దగ్గర నాలుగు మడతలు పడ్డాయి. వెదురు కొమ్ముల పులుసు వండాను, నీకు ఇష్టమని. చిన్నది ముక్కు చిట్లించింది. "తిను పిచికా" అంటే తినేసింది. మొత్తం తినేసింది. నా మొహం చూస్తూ తింది.

మీ నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"ఒలే, దాని పేరు బుద్రి."

"నీకు తెల్దు మావా. ఊరుకో."

"పావడా కాలికి అడ్డం పడి పడిపోతాది."

"పడదు. దానిదే అది."

ఆయన ఇంకేమీ అనలేదు. పొలం వైపు పోయాడు. వలిసె పూత మొదలైందట, కోతుల్ని చూడాలట. మనకి వలిసె పొలం ఉన్న సంగతే మరిచిపోయాను.

సెప్టెంబరు 19, ఆదివారం

ఇన్నాళ్లూ అడగడానికి భయపడ్డాను. ఈ రోజు తల దువ్వుతూ అడిగాను. దాని మొహం నాకు కనిపించదు కదా, అందుకని అప్పుడు అడిగాను.

"పిచికా, ఆ సనివారం నిన్ను ఎవులెల్లమన్నారు?"

దువ్వెన కింద తల కదలలేదు. తరువాత వెనక్కి తిరిగి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"నానే ఎల్తానన్నానమ్మా."

"నాను పంపలేదు కదా?"

"నువ్వు పంపలేదు. వొద్దన్నావు."

వద్దన్నానా? అంత గుర్తు లేదు నాకు. అయినా నువ్వే చెబుతున్నావు, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. వద్దన్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది. పొయ్యి దగ్గర నిలబడి వద్దన్నాను.

ఈ పూట అన్నం సయించింది.

సెప్టెంబరు 20

నేను పంపలేదు.

సెప్టెంబరు 28, మంగళవారం

యేసుపాదం మేస్టరు వచ్చారు. సాలూరు మనిషి, కొండ ఎక్కితే ఆయాసం. గొడుగు ముడిచి అరుగు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నారు. నీ గురించి ప్రార్థన చేశారు. మధ్యలో ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చేశారు.

అప్పుడు అన్నారు, "అమ్మా, రాహేలు చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఈ పాప పాడుతుందని పైగూడెం పిల్లలు చెప్పారు."

శ్రుతి కోసం సంచిలోంచి రెండు కొమ్మలున్న ఇనప పుల్ల తీసి మోకాలికి కొట్టి చిన్నదాని చెవి దగ్గర పెట్టారు. అది గుంయ్ మంది. చిన్నది నవ్వింది. తరువాత ఆయన చెయ్యి చూపిస్తుంటే పాడింది. ఒక్కటీ తప్పలేదు. నా గుండె పొంగింది, నువ్వే కదా తప్పకుండా పాడేది.

మేస్టరు చెయ్యి దించారు. "మంచి గొంతు. రాహేలుది పైకి వెళ్లే గొంతు. ఈ పాపది కింద గొంతు. నాకు కావలసింది ఇదే, పైన పాడేవాళ్లు ఆరుగురున్నారు, కింద పాడేవాళ్లు లేరు."

"అదే గొంతు బావూ. జొరమొచ్చి కిందకి దిగింది."

ఆయన నా వంక చూశారు, తరువాత పావడా వంక చూశారు.

"జ్వరం పడ్డ గొంతు ఇలా ఉండదమ్మా. ఇది వేరే గొంతు."

"తమరికి పాట తెలుసు. నా కూతురు నాకు తెలుసు."

పిల్లని పంపనని చెప్పాను. చోడి అంబలి ఇస్తే తాగి, గొడుగు విప్పుకుని దిగిపోయారు. ఆయనకి వయసైపోయింది, చెవులు సరిగ్గా పని చేయడం లేదు.

వేరే గొంతు అంటారేమిటి.

అక్టోబరు 2, శనివారం

నువ్వు నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. కొమ్ముల పులుసు కక్కేశావు. నువ్వు ఎప్పుడూ కక్కలేదు. ఎండుచేపల కూర చేశాను, పళ్లెం ముందు కూర్చుని ఒక్కొక్క మెతుకే లెక్కపెట్టినట్టు తిన్నావు. చేతులు పుల్లల్లా అయ్యాయి.

నువ్వు అని రాస్తున్నాను. అది అని రాయాలా? ఏది రాసినా తప్పులాగే ఉంది.

అక్టోబరు 4, సోమవారం

అప్పలస్వామి పంతులు గారు బడి వదిలి తానే వచ్చారు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూ వచ్చే మనిషి. ఈ రోజు అరుగు కూడా ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డారు.

"సోములమ్మా, నీ చిన్నగుంట సంగతేటి?"

"ఏటైంది పంతులు గారూ?"

"పేర్లు పిలుత్తన్నాను. బుద్రీ అన్నాను. పలకదు. నా ఎదరే కూసుంది. మల్లీ పిలిసినాను. పలకదు. ఏదే బుద్రి, ఏటైపోనాదీ అన్నాను. లేసి సేతులు కట్టుకుంది. బుద్రి సచ్చిపోనాది పంతులు గారండి, అంది."

చిన్నది ఆయన వెనకే వచ్చిందేమోనని వీధి వైపు చూశాను.

"పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు" అన్నారు ఆయన. "ముప్పై ఏళ్లయి పేర్లు పిలుత్తన్నాను. ఇలా ఎవులూ పలకలేదు."

అక్టోబరు 5, మంగళవారం

చిన్నదాన్ని గెడ్డ దగ్గరికి తీసుకెళ్లాను. ఇద్దరమే. రాయి మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగాను. కాలు నా అరచేతిలో పెట్టుకుంటే ఎంత చిన్నదో తెలిసింది.

"బడిలో అలాగెందుకు సెప్పినావు?"

కాలు వెనక్కి లాక్కుంది.

"సెప్పవే. కొట్టను."

"అప్ప పోతే ఏడిసినావు" అంది. "బుద్రి పోతే నువ్వు ఏడవవు. అందుకని బుద్రినే పోనిచ్చీసినాను."

అప్పుడు అన్నీ ఒకదాని తరువాత ఒకటి చెప్పింది, ఇన్నాళ్లూ నోట్లో పట్టుకున్న నీళ్లు వదిలినట్టు. బూడిదలో అడుగు దానిదేనట. తెల్లారేటప్పుడు ఒంటేలు వచ్చి గడప దాటిందట. తిరిగి వచ్చేటప్పుడు బూడిద చూసి భయపడి, గోడ పట్టుకుని ఒక్క గెంతులో లోపలికి దూకిందట. పాట నువ్వే నేర్పావట. జ్వరంలో పడుకుని, గొంతు పైకి రాక దాని చెవిలో గుసగుసగా పాడుతూ, దాని చేతి మీద చెయ్యి పెట్టి పిడికిలి బిగించి, చాపి, తిప్పి చూపించావట. రెండు రోజులూ అదే ఆటట. ఆ పక్క గదిలోనే ఉన్నాను నేను. కషాయం కాస్తూ ఉన్నాను. నాకు తెలియదు.

"మరి ఆ సనివారం?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"నువ్వే పంపినావమ్మా. అప్ప పడుకుంటానంది. లెగు, పేరు కొట్టీత్తారు, అన్నావు. సద్ది మూట నువ్వే నెత్తి మీద పెట్టినావు."

"మరి నాతో అలాగెందుకు సెప్పినావు?"

"అలాగంటే నువ్వు అన్నం తింటావని."

అక్టోబరు 6

నేనే పంపాను.

అక్టోబరు 9, శనివారం

పిచికా, నువ్వు ఇంటికి రాలేదా మరి? అడుగు దానిదైతే నువ్వెక్కడున్నావు? ప్రభువు దగ్గరున్నావని పాదిరి గారు, గెడ్డ ఒడ్డున ఉన్నావని మీ అత్త. ఇద్దరూ నన్ను చూసి జాలిపడే చెబుతున్నారు. నీ చెయ్యి పాట నేర్పింది, అది నిజం. అది నేర్చుకున్న చెయ్యిలో నువ్వు కొంచెమైనా లేవా? లేవని ఎవరు చెప్పగలరు? ఉన్నావని అనుకుంటే పిల్ల చచ్చిపోతుంది.

పావడా విప్పి మడతపెట్టాను. చిన్నదాని పాత గుడ్డ దానికి కట్టాను. దానికి ఇష్టమైంది ఏదైనా వండుదామని పొయ్యి ముందు కూర్చున్నాను. ఏది ఇష్టమో నాకు తెలియదు. ఎనిమిదేళ్లు పెంచాను, నాకు తెలియదు. నీకు ఏది వండితే అదే దానికి పెట్టాను ఎప్పుడూ.

మీ నాన్నని అడిగాను.

"నిప్పుల్లో కాల్సిన దుంప. ఉప్పు, పచ్చిమిరపకాయ. పొలం కాడ నాను కాలిత్తే రెండు తినీసి మూడోది కూడా అడుగుతాది. నీకు తెల్దేటి?"

కాల్చాను. మూడు తింది. మూతికి మసి అంటుకుంది.

అక్టోబరు 17

జ్వరం లేదు. పొద్దుటా సాయంత్రం నుదురు చూస్తున్నాను. పాటల బడికి వెళ్తానని అది అడగదు. శనివారం పిల్లలు వెళ్లినప్పుడు మాత్రం పని వదిలేసి నిలబడుతుంది.

అక్టోబరు 23, శనివారం

నేనే తీసుకెళ్లాను. మూడు కోసులూ చెయ్యి వదల్లేదు. దారిలో రెండుసార్లు వెనక్కి పోదామనుకున్నాను. వదినకి తెలిసి ముందు రోజే వచ్చి తిట్టింది, "ఒకదాన్ని మింగీసిన బడికి రెండోదాన్ని కూడా పట్టుకెల్తన్నావా?" అని. ప్రతి శనివారం పిల్ల నిలబడి చూస్తోంది, అంతే నాకు తెలిసింది.

మేస్టరు బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచారు. నీ పేరు ఉంది. కొట్టెయ్యలేదు. పక్కన చిన్న సిలువ గుర్తు వేశారు. దాని కింద కలం పెట్టి పిల్ల వంక చూశారు.

"పేరు చెప్పమ్మా."

చిన్నది మేస్టరు వంక చూడలేదు. నా వంక చూసింది. ఏ పేరు చెబితే నేను ఏడవనో వెతుకుతోంది నా మొహంలో. మెడ మీద నరం కొట్టుకుంటోంది దానికి. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అది నీ పేరే చెప్పేది, నాకు తెలుసు.

"బుద్రి, బావూ" అన్నాను. "బుధవారం పుట్టింది. మంగ్లు కూతురు. నా రెండో కూతురు."

ఆయన రాసుకున్నారు. నేను ఇంకో మాట అన్నాను, "జొరమొత్తే పంపను. ఎన్ని సనివారాలైనా సరే. పేరు కొట్టీత్తే కొట్టీండి."

"కొట్టనమ్మా" అన్నారు. "పుస్తకం నాది. నియమం కూడా నేనే పెట్టాను." ఆ మాట అనేసి ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అప్పుడు అర్థమైంది, నీ గురించి ఆయనకీ నిద్ర పట్టడం లేదు.

పాట మొదలైంది. పై గొంతుల్లో నిన్ను వెతికాను. ఆరుగురూ పాడుతున్నారు, నువ్వు లేవు. కింద బుద్రి ఒక్కతే పాడుతోంది. బొంగురుగా, నిదానంగా. అలాంటి గొంతు మన ఇంట్లో ఉందని నాకు తెలియదు. ఏడ్చాను. ఎవరి కోసమో అడగకు, నాకు తేలలేదు.

అక్టోబరు 30, శనివారం

ఈ కాగితం పుస్తకంలో ఉంచను. చింపి సద్ది మూటలో పెడతాను. పిచికా, ఇది నీకు కాదు.

బుద్రీ,

నువ్వు పైగూడెం పిల్లలతో వెళ్తానన్నావు, సరే. నేను రావడం లేదు. మీ నాన్న గెడ్డ దాకా వచ్చి దాటిస్తాడు. నీకు పంతులు గారు చదవడం నేర్పారు కాబట్టి రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో. తలనొప్పిగా ఉంటే మేస్టరుతో చెప్పి పడుకో, పాడకు. నువ్వు వెళ్లాక నేను ఏడుస్తానేమో. ఏడిస్తే అది నా పని, నువ్వు చూసుకోవలసింది కాదు. దుంపలు నాలుగు పెట్టాను, ఉప్పు వేరే ఆకులో ఉంది. పక్కవాళ్లకి ఒకటి పెట్టు, మూడూ నువ్వే తిను. రేపు పొద్దున బంగళాలో ఏది పెట్టినా సిగ్గుపడకుండా ఇంకా అడుగు.

కడుపునిండా తిను.